ఏరు దాటని గాజుముక్క

మొన్న ఆదివారం ఫోనులో మీరిద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ ఏదో చెప్పారు. స్నేహితులతో కూర్చుని ఆడే ఆట ఒకటుందనీ, అందులో ఎవరికి వాళ్ళు ఒక మనిషిని కల్పించుకుంటారనీ, ఒకరు కథ చెబుతుంటే మిగిలినవాళ్ళు ఆ కథలో నడుస్తారనీ, కష్టం వచ్చినప్పుడు పాచికలు వేస్తారనీ అన్నారు. అంతవరకూ నాకు బాగానే తెలిసింది. ఆ ఆటకి ఇప్పుడు కొత్త పుస్తకం వచ్చిందట. లెక్కలన్నీ మారిపోయాయట. ఇన్నాళ్ళూ పెంచుకున్న మనిషి కొత్త లెక్కల్లో ఇమడడం లేదట. మీవాళ్ళేమో పాతదాన్ని వదిలేసి మొదటినుంచీ మొదలుపెట్టమంటున్నారట. పెద్దది ఏడుపు గొంతుతో చెబుతుంటే చిన్నవాడు పక్కనుంచి, "అమ్మమ్మకి ఇవన్నీ ఎందుకే, బోర్ కొడుతుంది" అన్నాడు.

బోర్ కొట్టలేదు నాన్నా. ఫోను పెట్టేశాక వంటింటి గడప మీద అలాగే కూర్చుండిపోయాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక గానీ లేవలేదు.

ఎందుకంటే ఈ పని నేనూ చేశాను. మీ అమ్మ పుట్టకముందు, నా పెళ్ళయిన కొత్తలో. అరవైల చివర. అప్పటికి మీ ఆట ఎక్కడా పుట్టి ఉండదు. మాకు పుస్తకమూ లేదు, పాచికలూ లేవు. నేల మీద గీత, నాలుగు గవ్వలు, నోట్లో మాట. అంతే. మీరు పూణేలో ఉన్నారు, నా మోకాళ్ళు ఇక్కడున్నాయి. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పే వీలు లేదు కాబట్టి ఇలా ఫోనులో రికార్డు చేసి పంపుతున్నాను. తీరిక దొరికినప్పుడు వినండి.

అది మా నాయనమ్మ ఆట. ఆవిడకి ఎవరైనా నేర్పారో, తనే కల్పించుకుందో నేనెప్పుడూ అడగలేదు. టెక్కలిలో మా నాన్న బడిపంతులు, అందుకని ఇంట్లో సుద్దముక్కలకి లోటుండేది కాదు. మధ్యాహ్నం అన్నాలయి నాన్న మళ్ళీ బడికి వెళ్ళగానే నాయనమ్మ నడవలో చతికిలబడి గచ్చు మీద గీయడం మొదలుపెట్టేది. ఒక చివర ఊరు. ఇంకో చివర రాకాసి కోట. మధ్యలో అడవి, కొండ, పెద్ద ఏరు, దాని అవతల మళ్ళీ అడవి. దారి పొడుగునా ఆగడానికి మజిలీలు. గొల్లల దొడ్డి ఒకటి, పాడుబడ్డ సత్రం ఒకటి, ఏటి గట్టున గుడిసె ఒకటి. మజిలీలాట అనేవాళ్ళం.

ఆడేది నేనూ, పక్కింటి పిల్లలూ. కథ పట్టేది నాయనమ్మ. కథ పట్టడమంటే ముందు ఏముందో చెప్పడం. "తోపులోకొచ్చినావు. ఎదురుగా ముసిల్ది తిరగలి ఇసురుతన్నాది. అందులో పోసినవి గింజలు కావు, ఎముకలు. ఇప్పుడేటి సేత్తావు?" అనేది. ఏం చేస్తామో మనం చెప్పాలి. తేలిక పనైతే సరేననేది. కష్టమైన పనైతే గవ్వలు చేతికిచ్చేది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అష్ట పడ్డవాడికి ఎదురులేదు.

నా మనిషి పేరు తేనెపిల్ల. కొండల్లో తేనె పట్టేవాళ్ళ పిల్ల. నేను పలక మీద అక్షరాలు దిద్దే రోజుల్లో అది ఊరి పొలిమేరలో మొదలైంది. నా జడ నడుము దాటేసరికి కొండ ఎక్కింది, దిగింది. దాని ప్రాణం ఒక దారం. బలం పెరిగినప్పుడల్లా దారానికి ఒక ముడి వేసుకోవాలి, దెబ్బ తగిలితే ఒక ముడి విప్పాలి. తేనెపిల్ల సంపాదించుకున్నవి మూడు. జుట్టుతో పేనిన తాడు, దెయ్యాల్ని ఆపే శంఖం, ఒక గద్ద స్నేహం. ఏది ఏ మజిలీలో ఎలా దక్కిందో ఇప్పటికీ చెప్పగలను. నిన్న ఏ కూర తిన్నానో మాత్రం చెప్పలేను.

ఆ ఆటలో ఒక ఆచారం ఉండేది. బొమ్మ గీయగానే నాయనమ్మ గవ్వల సంచిలోంచి చిన్న ఆకుపచ్చ గాజుముక్క తీసి ఏటి గట్టున గుడిసెలో పెట్టేది. ఆ గుడిసెలో ఇంకెవరూ ఆగకూడదు. ఎంత దెబ్బతిన్నా, ఎంత అలిసిపోయినా దాన్ని దాటుకుని పోవలసిందే. ఎందుకని మాకెవరికీ తోచలేదు. పూజకి ముందు పసుపు వినాయకుణ్ణి పెట్టరూ, అలాంటిదనుకున్నాం.

నా పెళ్ళికి ముందటేడు నాయనమ్మ పోయింది. అప్పటికి తేనెపిల్ల ఏరు దాటి అవతలి అడవిలో ఉంది. చెట్ల సందుల్లోంచి కోట బురుజు కనిపిస్తోంది. ఆట అక్కడే ఆగిపోయింది. అమ్మకి కథ పట్టడం రాదు. పక్కింటి పిల్లలు అత్తారిళ్ళకి వెళ్ళిపోయారు. గవ్వల సంచి దేవుడి గూట్లో పడి ఉండేది. దాన్ని చూస్తే నాయనమ్మ మీద కన్నా, చెబితే నవ్వుతారు గానీ, తేనెపిల్ల మీదే ఎక్కువ బెంగగా ఉండేది. అడవిలో ఒక్కత్తినీ వదిలేశామే అనిపించేది.

తర్వాత నా పెళ్ళి. మేనరికమే. మేనత్త కొడుకుతో. అత్త మా నాన్నకి అక్క, నాయనమ్మకి ఒక్కగానొక్క కూతురు. ఉద్దానంలో, అక్కుపల్లి సముద్రం హోరు ఇంట్లోకి వినిపించే ఊళ్ళో ఆవిడ కాపురం. కొబ్బరి, జీడిమామిడి తోటలు. టెక్కలి నుంచి ఎంత దూరమని? పలాస దాకా బస్సు, అక్కణ్ణించి బండి. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి చేరుకోవచ్చు. కానీ ఆడది ఒక్కత్తీ బండెక్కే రోజులు కావు. పురుడో పెళ్ళో వస్తే తప్ప అత్త పుట్టింటికి వచ్చింది లేదు. చివరికి నాయనమ్మ పోయినప్పుడు కూడా కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. పెరట్లో స్తంభం పట్టుకుని నిలబడింది తప్ప ఏడవలేదు. నాకు అదే గుర్తు.

కొత్త కోడల్ని కదా, మొదట్లో నాకు పెద్ద పనులు చెప్పేవారు కాదు. జీడిపిక్కలు కాల్చి కొట్టే రోజులు. చేతులకి జీడి అంటకుండా బూడిద రాసుకుని, చెక్కసుత్తితో పిక్కని కొట్టి పప్పు తీయాలి. ఒక మధ్యాహ్నం ఆ పని చేస్తుండగా ఆడపడుచు అరుగు మీద ముగ్గుతో ఏదో గీస్తోంది. నాకన్నా చిన్నది, నోరు మాత్రం పెద్దది. తిరిగి చూసి సుత్తి పక్కన పెట్టేశాను. ఊరు, అడవి, కొండ, ఏరు. ఏటి గట్టున గుడిసె.

"ఇది మజిలీలాట కాదేటి?" అన్నాను.

"నీకెలాగ తెలుసు?" అంది అది.

లోపల్నించి అత్త వచ్చింది. "తెలకేటి? మాయమ్మ దానికీ నేర్పుంటాది," అంది. గవ్వలు తీసి నా ఎదురుగా కూర్చుంది. అత్త నాతో అలా కూర్చోవడం అదే మొదలు. నేను ఒక్క ఊపిరిలో తేనెపిల్ల గురించి చెప్పేశాను. తాడు, శంఖం, గద్ద, అవతలి అడవి, కోట బురుజు, అంతా.

అత్త విని తల అడ్డంగా ఆడించింది. "అలగ కుదరదే. ఈ ఇంట్లో ఆట ఏరు. ఊరికాణ్ణించి మొదలెట్టు."

"ఆట అదే కదత్తా."

"అదే గానీ అది కాదు. మాయమ్మ నాకు సెప్పింది ఏరు. ఇక్కడ ముడులూ గిడులూ నేవు. సింతగింజలు. మనిషికొక్కటే ఇద్దె, అది పుట్టుకతో రావాల. నువ్వు సెప్పేది ఎవులో సెడగొట్టీసినారు."

"ఎవులో కాదత్తా. నాయనమ్మే."

అత్త మొహం మారిపోయింది. "మాయమ్మ అన్నమాట మార్సదు," అంది.

అప్పుడు నాకు తెలిసింది. అత్త పెళ్ళయి వచ్చేటప్పుడు ఆటని ఎలా ఉన్నదాన్ని అలా మూట కట్టుకుని తెచ్చుకుంది. మార్చకుండా దాచుకుంది. అక్కడ టెక్కలిలో నాయనమ్మ చేతిలో అది ఏళ్ళ తరబడి మారుతూ పోయింది. నేను నేర్చుకుంది ఆ మారినదాన్ని. రెండూ ఒక్క తల్లి పిల్లలే, కానీ ఒకదాని బట్టలు ఇంకోదానికి పట్టవు.

నాకు మాత్రం ఒక్కటే కావాలి. తేనెపిల్ల ఎలా ఉన్నది అలాగే ఈ ఇంటికి రావాలి. నేను ఎలాగూ మొదటినుంచీ మొదలుపెట్టేశాను. లేచే వేళ, తినే వేళ, కొంగు కప్పుకునే తీరు, అన్నీ కొత్తవే. అది కూడా ఊరి పొలిమేర నుంచి మొదలుపెట్టాలంటే నా వల్ల కాదనిపించింది. కొత్త కోడలు మొండికెయ్యకూడదని తెలిసినా ఆ ఒక్క విషయంలో మొండికేశాను. "దాన్ని అలగే ఆడతాను, నేకపోతే ఆడను" అన్నాను.

అత్త నన్ను కాసేపు చూసింది. "అచ్చం మాయమ్మ మొహమే పెట్టినాది సూడు," అని కూతురితో అని, "సరే, ఎన్ని ముడులే దానికి?" అంది.

"ఏడు."

"అయితే ఏడు గింజలు." కొబ్బరిచిప్పలో ఏడు చింతగింజలు వేసి కథ పట్టింది. ఎలుగ్గొడ్డు ఎదురొచ్చింది. గవ్వలు నాకు కలిసి రాలేదు. టెక్కలి ఎలుగు కొడితే ఒక ముడి విప్పేవాళ్ళం. అత్త ఎలుగు ఒక్క పంజాకి మూడు గింజలు తీసుకుపోయింది. ఇంకో పంజాకి ఇంకో మూడు. చిప్పలో ఒక్క గింజ మిగిలింది. పదేళ్ళ పైబడి నడిచినది, ఒక్క ఎలుగు దగ్గర చచ్చిపోబోతోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంత బలమైన ఎలుగేటత్తా?"

"మరి మీ టెక్కలి ఎలుగులు గడ్డి తింతాయేటి వదినా?" అంది ఆడపడుచు. "ఇక్కడివి జీడితోటలోకొచ్చీసి మనుసుల్ని పీకీస్తాయి. మొన్న సంతకెళ్ళొస్తన్న ముసిలోడి బుగ్గ పట్టుకుపోనాది."

అది నిజమే. ఉద్దానంలో ఎలుగులు కథలో ఉండవు, తోటలో ఉంటాయి. అత్త ఆటని మార్చలేదంది గానీ ఎలుగుని మార్చేసింది. తనకి తెలియకుండానే మారి ఉంటుంది. తోటకి వెళ్ళిన పిల్లలు ఇంటికి వచ్చేదాకా వాకిట్లో నిలబడే తల్లి చేతిలో ఎలుగు ఒక్క ముడితో ఎలా ఊరుకుంటుంది?

ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. మర్నాడు పిక్కల దగ్గర కూర్చోగానే చెప్పాను. ముడికి ఒక గింజ అని వేస్తే లెక్క తప్పుతుంది. ఎన్ని ముడులున్నాయని కాదు, ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుందో చూడాలి. టెక్కలిలో తేనెపిల్ల ఎలుగు పంజాలు ఏడు ఓర్చుకోగలదు. ఇక్కడ కూడా ఏడు ఓర్చుకోవాలి కదా.

అత్త వేళ్ళు ముడుస్తూ లెక్క చూసుకుంది. "ఇరవయ్యొకటి," అంది.

"ఇరవయ్యొక్క గింజలే! నా పడవోడికి పదే!" ఆడపడుచు లేచి నిలబడింది. ఆటలో దాని మనిషి ఒక పడవవాడు. "కోడలొచ్చినాదని కూతురికి అన్నేయం సేసేత్తన్నావేటమ్మా?"

"దాని ముడులు అది కట్టుకున్నాది. నువ్వూ అన్నేళ్ళు ఆడు, నీకూ ఏత్తాను. కూకో."

అలా మొదలైంది. పిక్కలు కొడుతూ ఒక్కో నియమం తీసి రెండు ఆటల్నీ పక్కపక్కన పెట్టుకునేవాళ్ళం. టెక్కలిలో చచ్చిపోయినవాడు చిలకైపోయి పసుపునీళ్ళ కోసం ఎదురుచూస్తాడు, ఇక్కడ చచ్చినవాడు చచ్చినట్టే. చిలకని అత్త ఒప్పుకోలేదు. "సచ్చినోళ్ళొచ్చీస్తే ఇంక భయమేటి?" అంది. మనిషికి ఒక్కటే విద్య అన్న దగ్గర బేరం చాలా రోజులు నడిచింది. ఆఖరికి గద్ద స్నేహాన్ని తేనెపిల్ల విద్యగా ఉంచి, తాడునీ శంఖాన్నీ చేతి సామాను కింద లెక్కేశాం. తాడు తెగితే తెగినట్టే, మళ్ళీ రాదు. అదైనా దక్కిందని సంతోషించాను.

మామయ్య తోటనుంచి వస్తూ పోతూ వినేవాడు. "ఏటే, అత్తా కోడలూ ఏ రాజ్జెం పంచుకుంతన్నారు? అక్కడ మూకుట్లో పిక్కలు మాడిపోతన్నాయి సూడండి," అనేవాడు.

"మాడితే మాడనీ," అనేది అత్త. "పిల్లది సావుబతుకుల్లో ఉంది."

ఇక మిగిలింది ఏరు. ఏరు దగ్గరికి రాగానే అత్త, "ఇది నానొప్పుకోను. ఏరు పొంగుతున్నప్పుడు అష్ట పడితేనే దాటాల. మీ తేనెపిల్లకి అష్ట పడ్డాదా?" అంది.

"పడనేదు. అష్ట అక్కర్నేదత్తా. ముందు దాటీసినోళ్ళు అవతల గట్టు మీన నిలబడి పేరెట్టి పిలిస్తే సాలు, దాటీయొచ్చు."

"ఎవులు సెప్పినారు?"

"నాయనమ్మే."

"అబద్ధం," అంది అత్త. గట్టిగా అనలేదు. "అష్ట కోసరం నన్నెంత ఏడిపించీసినాది మాయమ్మ! మా తమ్ముడికి ఒక్క ఏటుకే పడ్డాది, దాటి ఎలిపోనాడు. నాకు ఎన్నాళ్ళేసినా పడనేదు. ఒక్కపాలి ఒగ్గీవే అమ్మా అంటే, గవ్వ పడితే పడ్డట్టు, నేకపోతే నేదు అనీది."

"మరి నువ్వెక్కడున్నావత్తా, దాటకుండా?"

"ఎక్కడుంటాను? గుడిసెలో. గట్టు మీన గుడిసెలో కూకుండిపోనాను. ఈలోగా పెల్లి కుదిరిపోనాది, వొచ్చీసినాను."

నాకు వెంటనే ఏమీ తోచలేదు. అలవాటు కొద్దీ, "గుడిసెలో ఎవులూ ఆగకూడదు కదత్తా," అన్నాను.

"ఏల ఆగకూడదు? మజిలీయే కదా."

"ఆగకూడదు. అక్కడ నాయనమ్మ గాజుముక్క ఎడతాది."

ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నాకు అర్థమైంది. అత్తకి నాకన్నా ముందే అర్థమైనట్టుంది. చేతిలో సుత్తి అలాగే ఉంది.

"ఏ గాజుముక్క?"

"పచ్చది. సిన్నది. బొమ్మ గీయగానే ముందు అదే ఎడతాది."

అత్త సుత్తి కింద పెట్టి, "నా పావు అది," అంది. "తిరనాల్లో కొన్న గాజు. సిట్లిపోతే ముక్క నా పావు సేసుకున్నాను. పెల్లినాడు తేవడం మరిసిపోనాను." నా వైపు తిరిగి, "ఎన్నాళ్ళెట్టినాది?" అంది.

"ఎప్పుడూనత్తా. నాను ఆడినంతకాలం. ఆ గుడిసెలోకి ఎవుల్నీ రానిచ్చీది కాదు."

అత్త లేచి బావి వైపు వెళ్ళింది. చేతులకున్న బూడిద కడుక్కోవడానికని చెప్పింది. చాలాసేపు రాలేదు.

అన్నమాట మార్చని మనిషి, కూతురు వెళ్ళిపోయాక మాట మార్చుకుంది. గవ్వల దయ మీద వదిలెయ్యకుండా, పేరు పెట్టి పిలిస్తే చాలు దాటి రావచ్చని నియమం పెట్టుకుంది. పిలిచే వాళ్ళు దొరికినా పిలిపించుకోవలసిన మనిషే లేదు. ముక్కని గుడిసెలో కూర్చోబెట్టి మా చేత ఆడించింది. నాకు కథ పట్టినన్నాళ్ళూ ఆవిడ కళ్ళు ఒకసారి ఆ గుడిసె వైపు పోయివచ్చేవని ఇప్పుడు అనుకుంటాను. నిజంగా చూశానో, తర్వాత కల్పించుకున్నానో చెప్పలేను.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారి గడపలో ఉండకూడదని నాన్న నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడు. బండెక్కుతుంటే అత్త నా కొంగు సర్దుతున్నట్టు దగ్గరికి వచ్చి, "ఆ ముక్క ఉంటే అట్టుకొచ్చీ," అంది. అత్తగా నన్ను ఏదైనా కోరింది ఆ ఒక్కటే.

టెక్కలి వెళ్ళి కాళ్ళు కడుక్కోకుండానే దేవుడి గూట్లో సంచి తీసి చాప మీద బోర్లించాను. గవ్వలున్నాయి, నా ముడుల దారం ఉంది. గాజుముక్క లేదు. సంచిని తిరగేసి దులిపాను. గూడంతా తడిమాను.

"ఏటే ఎతుకుతన్నావు?" అంది అమ్మ.

"పచ్చ గాజుముక్కమ్మా."

"అదా! మీ నాయనమ్మ పెద్దకర్మకి ఇల్లు కడిగినప్పుడు సంచి జారి పడ్డాది. ఎవులి కాల్లోనైనా దిగుతాదని నానే పారీసినాను. ఏలమ్మా?"

అమ్మనేమంటాం? గాజుముక్క కనిపిస్తే ఏ ఇల్లాలైనా అదే చేస్తుంది. ఆ నెల్లాళ్ళూ పుట్టింట్లో ఉన్నానన్న సంతోషమే లేకపోయింది. అత్తకి ఏం చెప్పాలా అనే బెంగ.

శ్రావణంలో నాన్న నన్ను మళ్ళీ దిగబెట్టాడు. అత్త మొహం చూసి నేను చెప్పకముందే తెలుసుకుంది. జరిగింది చెప్పాను. "పారీకేటి సేత్తాది, కాల్లో గుచ్చుకుంటాది కదా," అంది. నాన్నకి ఫలహారం పెట్టింది. తర్వాత ఏమీ జరగనట్టే అరుగు మీద ముగ్గుతో ఊరు గీసింది, కొండ గీసింది, ఏరు గీసింది. పిక్కలు కొట్టేటప్పుడు చిట్లిన గాజు ముక్కొకటి కొంగు చివర ముడేసుకుని ఉంచుకుంది కాబోలు, దాన్ని విప్పి తీసి గుడిసెలో పెట్టింది. పచ్చది కాదు, ఎర్రది.

"నీ ఆటే ఆడదాం," అంది నాతో. "తేనెపిల్లని అవతల ఎట్టు. పిలు."

పిలవాలి. పేరు పెట్టి పిలవాలి. అత్తగారిని! ఆవిడ పేరు నాకు తెలుసు, కానీ కోడలి నోట అత్తగారి పేరు రావడమనేది మా ఇళ్ళల్లో లేదు. ఆటలోనైనా సరే. ఆడపడుచు తల్లిని పేరు పెట్టి పిలవదు. మామయ్య "ఏమే" అంటాడు. ఊళ్ళో వాళ్ళకి ఆవిడ వదిన, పిన్ని, ఫలానా వాళ్ళ కోడలు. ఆ ఊళ్ళో అడుగుపెట్టిన నాటినుంచీ ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. అష్టకన్నా ఇదే కష్టమైపోయింది.

"అత్తా అని పిలిస్తే సాలదేటి?" అన్నాను.

"అత్తలు ఊరినిండా ఉంతారు," అంది ఆవిడ. "రూలంటే రూలే."

స్తంభానికి జారబడి చుట్ట కాలుస్తున్న నాన్న అప్పటిదాకా మమ్మల్ని చూస్తూ ఉన్నాడు. చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. "నాను పిలుత్తాను," అన్నాడు.

"నువ్వెలాగ పిలుత్తావురా? ఆటలో నీ మనిషేడి?"

"అవతల గట్టు మీదే ఉన్నాడు. మరిసిపోనావేటి? నాకు అష్ట పడ్డాది, నీకు పడనేదు. ఆ రోజు అన్నం తినకుండా ఏడిసినావు. అప్పుట్నించీ గట్టు మీదే ఉన్నాన్నాను, నీకోసరం."

అని, ముగ్గు డబ్బా పక్కన పడున్న జీడిపిక్క ఒకటి తీసి ఏటికి అవతల తేనెపిల్ల పక్కన పెట్టాడు. బడిపంతులు గొంతు కదా, ఎత్తితే వీధి చివరికి వినిపిస్తుంది. కానీ ఆ గొంతు కాదది. నేనెప్పుడూ వినని గొంతు. అత్తని చిన్నప్పటి పేరుతో పిలిచాడు. పెళ్ళిపత్రికలోది కాదు, ఇంట్లో పిలిచే ముద్దు పేరు. తన తల్లికి అలాంటి పేరొకటుందని ఆడపడుచుకి ఆ రోజే తెలిసింది.

అత్త ముక్క మీద వేలు పెట్టింది గానీ జరపలేదు. తల వంచుకునే ఉంది.

"ఇంకోపాలి పిలు," అంది. "ఏటి హోరులో ఇనపడనేదు."

నాన్న మళ్ళీ పిలిచాడు. ఆ హోరు ఏటిది కాదు, సముద్రానిది. మా అందరికీ తెలుసు.

"వొస్తన్నానురా. ఉండు," అంది అత్త. ముక్కని మెల్లగా, ముగ్గు చెదరకుండా ఏరు దాటించింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆడుకున్నాం. రెండాటలూ కలిపేసిన ఆట. కోట పట్టుకున్నామా లేదా అని మీరు అడుగుతారు. పట్టుకున్నాం, అది వేరే కథ, అంత బాగుండదు కూడా. మీ అమ్మకి కూడా కొన్నాళ్ళు నేర్పాను, తర్వాత దానికి చదువులొచ్చాయి. నాన్న వచ్చినప్పుడల్లా, ఆటున్నా లేకపోయినా, వాకిట్లో నిలబడి అక్కని ఆ పేరుతో పిలిచేవాడు. నాన్న పోయాక ఆ పేరు మళ్ళీ ఆ ఇంట్లో వినిపించలేదు. అత్త కూడా దాన్ని ఎత్తలేదు.

అందుకని తల్లీ, నీ మనిషిని మొదటినుంచీ మొదలుపెట్టకు. కొత్త పుస్తకంలో ఎలుగు ఎంత గట్టిగా కొడుతుందో ముందు చూడు. పాతదాంట్లో నీ మనిషి ఎన్ని దెబ్బలు ఓర్చుకునేదో, ఇందులోనూ అన్నే ఓర్చుకునేలా చెయ్యి. చేతిలోవి కొన్ని పోతాయి, పోనీ. పాత ఆటలో ఎందుకుందో తెలియని నియమం ఏదైనా ఉంటే మాత్రం దాన్ని కొట్టెయ్యకముందు ఎవరినైనా అడుగు.

ఇంకొకటి. నన్ను ఇప్పుడు అందరూ అమ్మమ్మా అనో, మామ్మగారూ అనో, పెద్దమ్మా అనో పిలుస్తారు. బాగానే ఉంటుంది. మీ ఆటలో ఎక్కడైనా ఒక ఏరు వస్తే, ఇవతలి గట్టున ఒక మూల తేనెపిల్లని కూర్చోబెట్టండి. మీరిద్దరూ దాటాక ఒకసారి వెనక్కి తిరిగి పిలవండి. అమ్మమ్మా అని కాదు. నా పేరు మీకు తెలుసు కదా.